మా ఊరి కోపం

దుబ్రాస్కా నన్ను "మీరు" అని పిలిచిన రోజు గురించి చెప్తాను. మూడేళ్ళు దాటినా తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఇద్దరిదీ వెనెజ్వేలాలో మరకైబో. ఒకే వీధి, ఒకే బడి. తిండి దొరక్క ఊరు వదిలినప్పుడు కూడా కలిసే వదిలాం. నలభై ఒక్క రోజులు కొంత నడిచి, కొంత లారీల వెనక వేలాడి, కొలంబియా, ఈక్వడోర్ దాటి పెరూ చేరాం. కొండల మీద చలికి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. ఆమె చెప్పు తెగిపోతే నా జడ రబ్బరు తీసి కట్టి నడిపించాను. ఆ రబ్బరు ఇంతవరకూ తిరిగివ్వలేదు, అది వేరే సంగతి. లీమాలో ఒకే పార్లర్‌లో పనికి కుదిరాం, ఒకే గదిలో ఉండేవాళ్ళం.

అలాంటి మనిషి ఒక శనివారం సాయంత్రం పార్లర్‌లో నేల మీది జుట్టు ఊడుస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"రేపు నన్ను ఏమే, ఒసే అనకు. నేనూ నిన్ను మీరు అంటాను."

"ఎందుకే? రేపేమన్నా నీకు పట్టాభిషేకమా?"

"రేపటి యాత్రకి ఎల్విరా వస్తోంది కదే. నిన్ను ఏమే అన్నానంటే నా నాలుక నేరుగా మరకైబో వెళ్ళి కూర్చుంటుంది. మీరు అంటే కాస్త అదుపులో ఉంటుంది."

ఎల్విరా పెర్సీకి అక్క. పెర్సీ అంటే దుబ్రాస్కా మరుసటి నెలలో పెళ్ళాడబోయేవాడు. లీమా వాడు, మెత్తటివాడు. ఆ మెత్తదనం వెన్నెముక దాకా పాకిపోయింది, అదే వాడి జబ్బు. తల్లి పోయాక వాణ్ణి ఎల్విరాయే పెంచింది. ఆమె ఊ అనకపోతే వాడు జుట్టు కూడా కత్తిరించుకోడు. ఆమెకేమో వెనెజ్వేలా వాళ్ళంటే పడదు. మా వాళ్ళెవరికో గది అద్దెకిచ్చి గొడవ పడిందట. అందుకని పెర్సీ తెలివిగా ఒక అబద్ధం ఆడాడు. పిల్లది పెరూలోనే ఇకీటోస్, అడవి వైపు, అందుకే మాట అలా సాగదీస్తుంది అన్నాడు. ఇకీటోస్ వాళ్ళు ఎలా మాట్లాడతారో ఎల్విరాకేం తెలుసు? నమ్మేసింది. పెళ్ళయ్యాక మెల్లగా చెప్తానని వాడు దుబ్రాస్కాకి మాటిచ్చాడు.

"మరి మధ్యలో నన్నెందుకు లాగుతున్నావే?" అన్నాను.

"స్నేహితులే లేని పిల్ల ఏం పిల్ల, ఒక్కరినైనా చూపించమంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

"నేను నోరు తెరిస్తే ఏ దేశమో తెలిసిపోదూ?"

"తెలియనీ. నువ్వు వెనెజ్వేలా దానివే. నేనే కాదు. పార్లర్‌లో పరిచయం, ఎనిమిది నెలల నుంచి. అంతే." చీపురు ఆపి అప్పుడు నా వైపు చూసింది. "ఇంకొకటి. కోపం తెచ్చుకోకు. నువ్వు కోప్పడితే నాకూ నోరు లేస్తుంది. ఈ పెళ్ళి చెడిందంటే నేను ఆ గదిలోనే ముసలిదాన్నయిపోతాను. ఒక్కరోజు, యొలైదా. ఒక్కరోజు నోరు కట్టుకో."

ఆ గది అంది. మా గదిని. అప్పుడే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆమె కళ్ళు చూసి సరే అన్నాను.

నా కోపం గురించి ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కోపమొచ్చిన ఆడది "అరేచా!" అంటుంది. అంటే నా ఒళ్ళు మండిపోతోంది, దూరం జరగండి అని. నోటి నిండా పలికే మాట. ఆ "ర" దగ్గర పళ్ళు కొరుక్కోవడానికి కూడా వీలుంటుంది. లీమాకి వచ్చిన మొదటి వారం, బస్సువాడు ఆపకుండా నా స్టాపు దాటించి తీసుకుపోతే, నడిమధ్యలో నిలబడి "నేను అరేచా! బండాపు!" అని అరిచాను. బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. కండక్టరు కన్నుకొట్టాడు. ఇక్కడ ఆ మాటకి మగాడి కోసం ఒళ్ళు కాగిపోతున్న ఆడదని అర్థమట. పక్క సీటు ముసలమ్మ చెవిలో చెప్పేదాకా నాకు తెలీదు.

ఆ రోజు నుంచి నాకు కోపమొస్తే చెప్పుకోవడానికి మాట లేకుండా పోయింది. ఇక్కడి వాళ్ళు "మొలెస్తా" అంటారు. ఉప్పూ కారం లేని మాట. చీమ కుట్టినా అదే, కొంప కాలినా అదే. ఊరు పోయింది, సరే. ఇల్లు పోయింది, సరే. కోపం కూడా సరిహద్దు దగ్గర అప్పగించి రావాలని నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే పెట్రోలు బంకు దగ్గర వ్యాను ఎక్కాం. లునహువానాకి ఒక్కరోజు యాత్ర. నది, వేలాడే వంతెన, రొయ్యల భోజనం, ద్రాక్షసారా రుచి చూడటం, చీకటి పడేసరికి ఇల్లు. ముందు వరసలో ఎల్విరా, దుబ్రాస్కా, పెర్సీ కూర్చున్నారు. నాకు చిట్టచివరి వరసలో కిటికీ పక్కన చోటు దొరికింది. పక్క సీటు ఖాళీ. ఎల్విరా పెద్ద టోపీ సర్దుకుంటూ నా దాకా నడిచొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. వెనక సీట్లో కడుపు తిప్పుతుందని ఒక నిమ్మకాయ కూడా చేతిలో పెట్టింది. ఆమె రాక్షసి కాదు, నిజం చెప్పాలి. రాక్షసి అయ్యుంటే నాకు పని తేలికయ్యేది.

ఊరు దాటగానే గైడు మైకు అందుకున్నాడు. నోట్లోంచి మాట కంటే నవ్వు ముందు వచ్చే రకం.

"మన కుటుంబం ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామా? ఊరు చెప్పండి, చప్పట్లు పట్టుకెళ్ళండి!"

మైకు చేతులు మారింది. ఒకాయన అరెకీపా అన్నాడు, చప్పట్లు. ఉవాంకాయో అన్నారు ఇద్దరక్కచెల్లెళ్ళు, చప్పట్లూ ఈలలూ. దుబ్రాస్కా మైకు తీసుకుని, గొంతు సవరించుకుని, "ఇకీటోస్!" అంది.

"ఆహా, అడవి పిల్ల!" అన్నాడు గైడు. వ్యాను ఊగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది ఎల్విరా, మా పిల్లే అన్నట్టు చుట్టూ చూస్తూ.

మైకు చివరికి నా దగ్గరికి వచ్చింది. "మరకైబో, వెనెజ్వేలా" అన్నాను. చప్పట్లు మూడో నాలుగో పడ్డాయి. ఎవరో దగ్గారు.

"బాగుంది, బాగుంది. అందరూ బ్యాగులు జాగ్రత్త!" అన్నాడు గైడు. అందరూ నవ్వారు. "సరదాకన్నానండీ, సరదాకి."

నేను దుబ్రాస్కా తల వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె చప్పట్లు కొట్టలేదు. నవ్విందో లేదో వెనకనుంచి కనబడలేదు. నిమ్మకాయ ఎంత గట్టిగా పిసికానంటే రసం మోచేతి దాకా కారింది.

వంతెన దగ్గర ఫోటోలు దిగారు. నేనూ వెళ్ళి దుబ్రాస్కా పక్కన నిలబడ్డాను, అలవాటు కొద్దీ. ఆమె మెల్లగా ఒక అడుగు జరిగింది.

"యొలైదా గారూ, మీరు కాస్త మా ముగ్గురికీ ఒక ఫోటో తీసిపెడతారా?"

మీరు అంది. గారూ అంది. ఒకే దుప్పట్లో పడుకుని నా కడుపులో మోకాళ్ళు పెట్టి నిద్రపోయిన మనిషి. ఫోటో తీశాను. ముగ్గురి తలకాయలూ తెగిపోయేలా తీశాను. అంతకంటే ఏం చెయ్యగలను?

భోజనం నది ఒడ్డున పందిరి కింద. ఎల్విరా అందరికీ రొయ్యల పులుసు తెప్పించింది. నేను ఉత్త చేతులతో పోకూడదని తెల్లారకముందే లేచి అరెపాలు చేసి తెచ్చాను. మొక్కజొన్న పిండి రొట్టెలు, మధ్యలో నల్ల బీన్సు, చీజు. వెండికాగితం విప్పి బల్ల మీద పెట్టాను. వాటి వాసన తగలగానే దుబ్రాస్కా ముక్కుపుటాలు కదలడం నేను చూశాను.

"ఇదేంటమ్మా?" అంది ఎల్విరా ముందుకు వంగి.

నేను నోరు తెరిచేలోపు దుబ్రాస్కా అందుకుంది. "అవునండీ, ఇదేంటి? ఏమంటారు దీన్ని?"

దుబ్రాస్కా వాళ్ళమ్మ రోజుకు ఇరవై అరెపాలు కాల్చేది. దుబ్రాస్కా మొదటి పన్ను ఊడింది అరెపా కొరుకుతూనే. ఆ పన్ను పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది, నాకు చూపించడానికి.

"అరెపా అంటారండీ" అన్నాను పళ్ళ మధ్య నుంచి.

"పేరు బాగుంది" అంది. ఒకటి తీసుకుంది. తీసుకున్నాక చేతులు ఊరుకోలేదు. రొట్టె అంచు విప్పి, లోపలి పచ్చిపిండిని రెండు వేళ్ళతో చటుక్కున లాగి పక్కన పెట్టింది. మా ఊళ్ళో ఆడపిల్లలందరూ చేసే పనే అది.

"భలే తీశావే, చెయ్యి తిరిగినదానిలా!" అంది ఎల్విరా.

పెర్సీకి దగ్గు వచ్చింది. దుబ్రాస్కా చెవులు ఎర్రబడ్డాయి. "పార్లర్‌లో యొలైదా గారు ఇలాగే తింటుంటే చూశానండీ" అని ఒక్క ముక్క కొరికింది. ఎల్విరా ఇంకా ఆమె చేతుల వైపే చూస్తోంది. అది గమనించి దుబ్రాస్కా రొట్టె ప్లేటులో పెట్టేసి, ప్లేటు అవతలికి నెట్టింది. "అబ్బే, నాకు పడదండీ. ఎండు చెక్కలా ఉంది."

అంతే. పొద్దున్నుంచీ మింగిందంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. లేచి నిలబడ్డాను. మొలెస్తా అన్న మాట తెలుసు, నాలుక కొనమీదే ఉంది కూడా. కానీ కోపం అనువాదం కోసం ఆగుతుందా?

"అరేచా!" అన్నాను. "నేను అరేచా! వినబడుతోందా? అరేచా!"

పందిరి కింద నవ్వు మొదలైంది. పక్క బల్ల మీసాలాయన గ్లాసెత్తి, "నేనున్నా కదమ్మా, భయమెందుకు!" అన్నాడు. గైడు పొట్ట పట్టుకున్నాడు. "సారా రుచి చూడకముందే ఇలా అయితే ఎలా అమ్మా!" ఎల్విరా రుమాలుతో మొహం కప్పుకుంది, నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు. పెర్సీ కూడా నవ్వాడు, అక్క నవ్వింది కాబట్టి.

నేను ఒక్క దుబ్రాస్కానే చూస్తున్నాను. ఆ పందిరి కింద యాభైమందిలో ఆ మాట తెలిసినది ఆమె ఒక్కతే. ఆమె నవ్వలేదు. రెండు చేతులూ ఎత్తి అందరినీ ఆగమంది. హమ్మయ్య అనుకున్నాను.

"అది కాదండీ" అంది. "వాళ్ళ దేశంలో ఆ మాటకి కోపం అని అర్థంలెండి. పాపం, ఆవిడకి తెలీదు."

వాళ్ళ దేశంలో. పాపం. ఆవిడ. మూడు మాటల్లో నన్ను ఆవలి ఒడ్డున వదిలేసి వచ్చింది.

మిగిలిన అరెపాలు సంచిలో వేసుకుని బయటికి నడిచాను. ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత వాళ్ళు సారా రుచి చూడటానికి వెళ్ళారు, నేను నదిలో కాళ్ళు పెట్టుకుని బండమీద కూర్చున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నేను చల్లబడలేదు. నాలుగింటికి వ్యాను. లీమాకి మూడు గంటల ప్రయాణం. ఎల్విరా పక్కన నిలబడి ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఇకీటోస్‌లో మీ ఇల్లు ఏ వీధండీ, దుబ్రాస్కా గారూ? ఇకీటోస్ పటంలో ఎక్కడుందో కూడా ఆమెకి తెలీదు. పెళ్ళి అక్కడికక్కడే చిరిగిపోతుంది. చిరిగిపోనీ. పాపం అందే, ఎవరు పాపమో తేలిపోనీ. ఆ ప్రశ్నను పదిసార్లు మర్యాదగా అని చూసుకున్నాను. ప్రతిసారీ ఇంకా బాగా కుదిరింది.

హారన్ వినిపించేసరికి గట్టెక్కాను. చెప్పుల్లో ఇసుక. వ్యాను ఇంజను ఆడుతోంది, తలుపు ఇంకా తెరిచే ఉంది. నేను వెనక వైపు నుంచి వస్తున్నాను కాబట్టి ఎవరికీ కనబడలేదు. కిటికీలు తెరిచి ఉన్నాయి, మాటలు వినబడుతున్నాయి.

"ఒకరు తక్కువున్నారండీ" అంటున్నాడు గైడు. "ఆ వెనెజ్వేలా అమ్మాయి."

"ఇప్పటికే పది నిమిషాలైంది" అని ఎవరో విసుక్కున్నారు.

"పోనివ్వు నాయనా, మళ్ళీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం" అంది ఎల్విరా. గొంతులో ద్వేషమేమీ లేదు, సారా హుషారు మాత్రం ఉంది. "వెనెజ్వేలా నుంచి నడిచొచ్చినవాళ్ళకి లీమా ఒక దూరమా!"

వ్యాను మొత్తం నవ్వింది. డ్రైవరు కూడా నవ్వుతూ గేరు వేశాడు. బండి కదిలింది. నేను పరుగెత్తబోయాను.

"ఆపు!"

ఆ గొంతు నాకు తెలుసు. సాగదీసి, చివర విరిచేసే గొంతు, మా వీధి గొంతు. "ఆపమంటుంటే నీక్కాదూ! దాన్ని వదిలేసి పోతావా? అరేచా నేను! వినబడుతోందా, అరేచా! బండాపకపోతే నీ స్టీరింగు పీకి నీ చేతిలో పెడతా!"

వెనక వరసల్లో నవ్వు మొదలైంది. ముందు వరసల వాళ్ళు నవ్వలేదు, వాళ్ళకి ఆమె మొహం కనిపిస్తోంది. బండి ఆగింది. నేను రొప్పుతూ ఎక్కాను. దుబ్రాస్కా నడవలో నిలబడి ఉంది, పిడికిళ్ళు బిగించి. తను ఏమందో అప్పుడే తనకు వినబడినట్టుంది.

"ఏమన్నావమ్మా?" అంది ఎల్విరా నెమ్మదిగా.

"అక్కా, అదీ..." అన్నాడు పెర్సీ.

నా ప్రశ్న నా నోట్లో సిద్ధంగా ఉంది. ఇక అడగక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు. కానీ నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనక?

"నా దగ్గర నేర్చుకుందండీ" అన్నాను. "పార్లర్‌లో పొద్దస్తమానం నేను అదే మాట అంటుంటాను కదా. పట్టేసింది."

ఎల్విరా మొహం సడలింది. "అదా సంగతి! జాగ్రత్తమ్మా, పదిమందిలో అలాంటి మాటలు..." అంటూ పక్క సీటు తట్టింది, కూర్చోమని.

అయిపోయింది. ఆమె కూర్చుంటే చాలు. దుబ్రాస్కా నా వైపు చూసింది. ఇసుక అంటిన నా కాళ్ళ వైపు చూసింది.

"నేర్చుకోలేదండీ" అంది. "మా అమ్మ నన్ను తిట్టేటప్పుడు అనేది."

"ఇకీటోస్‌లో కూడా అంటారా అలా?"

"మా అమ్మ ఇకీటోస్ చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు. మాది మరకైబో. మీరిప్పుడు అన్నారే నడిచొచ్చినవాళ్ళని, నేనూ అందులోదాన్నే. నలభై ఒక్క రోజులు. నా చెప్పు తెగితే ఇదిగో, ఇది తన జడ రబ్బరు కట్టింది."

ఎల్విరా చాలాసేపు ఆమెను చూసి, తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

పెర్సీ కిటికీ వైపు చూశాడు. బూట్ల వైపు చూశాడు.

"నాకూ ఇప్పుడేగా తెలిసింది, అక్కా" అన్నాడు.

దుబ్రాస్కా వాడిని అలాగే చూస్తూ నిలబడింది. భోజనాల దగ్గర నేను ఆమెను ఎలా చూశానో, అచ్చం అలాగే. ఎల్విరా ఒళ్ళో ఉన్న సంచి తీసి, దుబ్రాస్కా సీట్లో పెట్టింది.

నేను వెనక నా చోట్లో కూర్చున్నాను. దుబ్రాస్కా కూడా చివరి వరసకి నడిచి వచ్చింది. పక్క సీట్లో పెట్టిన నా సంచి నేను తియ్యలేదు. ఎందుకు తియ్యాలి?

"జరగవే" అంది.

"మీరు అక్కడ కూర్చోండి, దుబ్రాస్కా గారూ. అక్కడ గాలి బాగా వస్తుంది."

"చంపుతా. జరుగు."

సంచి తీశాను, బండి కదలాలి కాబట్టి తీశాను. గైడు మైకు పట్టుకుని ఏదో అనబోయి పక్కన పెట్టేశాడు. సముద్రం కనబడేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏడుస్తోందని తెలుసు, అటు తిరగలేదు. తిరిగితే ఓదార్చాల్సి వస్తుంది, నాకా రోజు అంత ఓపిక లేదు.

"ఏమే, రొట్టెలేమన్నా మిగిలాయా?" అంది కాసేపటికి.

"ఏ రొట్టెలండీ? ఏమంటారు వాటిని?"

ముక్కు ఎగబీల్చింది. "అరెపా."

"వినబడలేదు."

"అరెపా!" అని అరిచింది. వ్యాను మొత్తం వెనక్కి తిరిగింది, ఒక్క పెర్సీ తప్ప. వెండికాగితం విప్పి ఆమె ఒళ్ళో పడేశాను. లోపలి పిండి కూడా తియ్యకుండా కుక్కుకుంది.

"నీ మీద నేనింకా అరేచానే, చెప్తున్నా" అన్నాను.

దుబ్రాస్కా నములుతూ, ముందు వరసలో ఉన్న పెర్సీ తల వెనక భాగాన్నే చూస్తోంది.

"నేనూ" అంది.